పిలవకూడని గొంతు

నమోదు 61. నీటి హెచ్చరిక: పసుపు

ఈ పని దినచర్యను నెలాఖరున సమర్పించాలి. అప్పటిదాకా ఇది నా తెరలోనే ఉంటుంది, ఎవరూ తెరవరు. చేరిన కొత్తలో ఎవరో పెద్దవాళ్లు చదువుతారనుకుని ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుని రాసేదాన్ని. నెలాఖరున కూడా పెద్దగా ఎవరూ చదవరని తర్వాత తెలిసింది. అయినా అలాగే రాస్తున్నాను. మా ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషిని నేనే. గబగబా రాసి పారేయడానికి నాకు చెయ్యి రాదు.

పొద్దున ముఖహాజరు దగ్గర మళ్లీ ఆలస్యమైంది. అమ్మ ముఖం చూపించినా కుళాయి తెరుచుకోలేదు. ఉప్పుగాలికి చర్మం మారిపోయి యంత్రం గుర్తుపట్టడం లేదు. వెనక వరుసలో వాళ్లు గొణుగుతుంటే అమ్మ నవ్వింది. "నా మొగం నాకే నచ్చదు. దానికేటి నచ్చుతాది?" నాలుగోసారికి ఆమె గోడ మీద ముఖం పడింది, నీళ్లు వచ్చాయి.

ఊళ్లో ప్రతి మనిషికీ తెర మీద ఒక గోడ ఉంటుంది, వాళ్ల ముఖం, మాటలు, ఫొటోలు అన్నీ దాని మీదే; గోడ లేని మనిషికి నీళ్లు లేవు. గోడకు తలుపు లేదు. ఎవరి గోడ మీద ఏముందో ఎవరైనా చదవచ్చు. చదవడమే మా విభాగం పని. జల్లెడ అనే యంత్రం ఊరందరి గోడలనూ రోజంతా జల్లిస్తుంది. అది పట్టుకున్నదాన్ని మనిషి సరిచూడాలి. ఇక్కడ ఆ మనుషులం ఇద్దరమే, నేనూ రెహానా అక్కా. మాలో ఒకరి ముద్ర పడితే జల్లెడ దాన్ని మళ్లీ ముట్టుకోదు. ఆ ముద్రను తీయాలంటే రెండో మనిషే తీయాలి.

తప్పిపోయిన ఒక పాప జాడ ఈ రోజు పట్టుకున్నాను. ఎవరిదో పెళ్లి ఫొటోలో, వెనక కిటికీలో, ఆ పాప గౌను ఆరేసి ఉంది. కిటికీ అవతలి నీళ్ల ట్యాంకు మీద తుప్పు మరక ఉంది. అలాంటి మరక ఉన్న ట్యాంకు ఏ వీధిదో వెతికితే ఇల్లు దొరికింది. సీఐ భానుమూర్తి గారు స్వయంగా మా గదికి వచ్చి, "కళ్లంటే ఇవమ్మా" అన్నారు. ఆ మాట ఇంటికి వెళ్లాక కూడా చెవుల్లో ఉంది.

నమోదు 63. పసుపు

జల్లెడ ఒక వీడియోను పట్టుకుంది.

అది వరద గేట్లు తెరుచుకున్న రాత్రి, మేం గేట్ల రాత్రి అనేదాని వీడియో. ఆ తుఫానులో పై పట్నం మునగకుండా ఉండాలంటే నీళ్లు ఎటో ఒకవైపు పోవాలి. అవి పల్లపుపేట మీదికి వచ్చాయి. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోయారు. ఎవరో దుర్మార్గులు గేటు తాళం పగలగొట్టారని ప్రకటన వచ్చింది. నేనూ నమ్మాను.

వీడియోలో ఏ తాళమూ పగలలేదు. వానకోట్లు వేసుకున్న ఇద్దరు తాళంచెవితో గది తెరిచి గేటు చక్రం తిప్పుతున్నారు. ఒకడు ఆగి అడుగుతాడు: "పేటలో జనం ఉన్నారు కదరా?" రెండోవాడు, "పై నుంచి ఫోనొచ్చింది. తిప్పు" అంటాడు. అంతే. తీసినవాడు నీళ్లలో ఊగుతున్న పడవలో ఉన్నట్టున్నాడు.

చాలామంది చూడకముందే జల్లెడ దాన్ని గోడ మీద నుంచి తీసేసింది. ఆధారాల గదిలో ఒక ప్రతి ఉంది.

గోడ ఎవరిదా అని చూస్తే దానయ్యది. పల్లపుపేట పడవవాడు. వేసవిలో వేటకు పోయి తిరిగి రాలేదు, శవం దొరకలేదు. అంటే గేట్ల రాత్రికి ముందే చనిపోయినట్టు లెక్కలో ఉంది. కానీ అతని గోడ మాట్లాడుతూనే ఉంది. 'ఇయ్యాల గాలి బాగుంది.' 'అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది.'

భానుమూర్తి గారు చూసి, "చచ్చినవాడు వీడియోలు తీయడమ్మా. బతికే ఉన్నాడు, తల్లి దాస్తోంది" అన్నారు.

"అతని వాటా నీళ్లు వాడుకోవడానికి అలా చేస్తున్నారేమో సార్" అంది రెహానా అక్క.

చూశాం. అతను పోయిన నాటి నుంచి అతని కుళాయి ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

నాకు అప్పుడే అర్థమైంది. కానీ సీఐ గారు అడగకుండా మాట్లాడటం నాకింకా అలవాటు కాలేదు.

నమోదు 64. నారింజ

దానయ్య తల్లి కొర్లమ్మను తీసుకొచ్చి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. నేను ఇవతల నుంచి వింటూ రాయాలి.

"నీ కొడుకు ఎక్కడ?"

"గంగలో."

"మరి గోడ మీద మాట్లాడుతున్నది ఎవరు?"

"ఆడే మాటాడతన్నాడు. నాను మాటాడిత్తన్నాను."

"ఈ కబుర్లు వద్దమ్మా. ఎక్కడ దాచావు?"

"సముద్రాన్ని దాసీడానికి నా కాడ కుండలు లేవు బావూ."

పక్కనున్న కానిస్టేబులు నవ్వి, వెంటనే సర్దుకున్నాడు. భానుమూర్తి గారికి కోపం రాలేదు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. కొడుకు దొరికేదాకా ఆమె ఇంటి కుళాయి ఆపమన్నారు, అంతే. ఆ ఇంట్లో ఆమె కూతురూ, చంటిబిడ్డా ఉన్నారు.

కొర్లమ్మ అద్దం వైపు చూసింది. అవతలి నుంచి చూస్తే అది అద్దమే, నేను కనిపించను. అయినా తలొంచుకున్నాను.

నమోదు 65. నారింజ

ఇవాళ భానుమూర్తి గారి గదిలోకి వెళ్లి మా ఆచారం చెప్పాను.

సముద్రంలో పోయి శవం దొరకనివాడికి తాను పోయినట్టు తెలియదంటారు మావాళ్లు. తెలియక ఒడ్డు కోసం తిరుగుతూ ఉంటాడు. అందుకని ఏడాది తిరిగేదాకా వాడి గొంతు నిలపాలి. మా తాతల కాలంలో సాయంత్రం పూట రేవులో నిలబడి, వాడు మాట్లాడినట్టే వాడి మాటలు మాట్లాడేవారు. ఇప్పుడు వాడి గోడ మీద రాస్తారు. ఏడాది నిండాక ఆఖరి మాట చెప్పి, గోడ మూసి, గంగకు అప్పగిస్తారు.

సార్ నన్ను కూర్చోమన్నారు. టీ తెప్పించారు. మావాళ్ల గురించి అంత శ్రద్ధగా విన్న అధికారిని నేను చూడలేదు.

"అయితే వీడియో కూడా ఆవిడే పెట్టిందంటావా?"

"లేదు సార్. గొంతు ఇద్దరు మోస్తారు. ఇంటి తరపున ఒకరు, పడవ తరపున ఒకరు. కొర్లమ్మకి రాయడం రాదు, నోటితో చెబుతుంది. అందుకే ఆమెవి ఆగకుండా సాగే పొడవాటి మాటలు. కొన్ని పొట్టిగా, చేత్తో రాసినట్టున్నాయి. అవి రెండోవాళ్లవి. వీడియో పెట్టింది ఆ రెండో గొంతు."

చెప్పేశాను. కొర్లమ్మ అబద్ధం ఆడలేదని నిరూపించాలన్న తొందరే తప్ప ఇంకేమీ తోచలేదు.

సార్ కప్పు కింద పెట్టారు. "ఆ రెండోవాడు ఎవరో తేల్చగలవా?"

"సాక్షికి రక్షణ ఇస్తారు కదా సార్?"

"సాక్షి లేకపోతే మనకి కేసెక్కడిదమ్మా?"

సాయంత్రానికి తేల్చాను. పొట్టి మాటలన్నీ ఒకే పడవ ఒడ్డున ఉన్న రోజుల్లోనే వచ్చాయి. ఆ పడవ రాకపోకలు రేవు గోడ మీద ఎవరైనా చూడచ్చు. దానయ్య పాత ఫొటోల్లో ఎప్పుడూ అంచున, సగం తెగిపోయి, ఒక భుజం కనిపిస్తుంది. ఆ భుజం మీద గాలం గీసిన మచ్చ. పోయిన ఏడాది తెప్పల పోటీ ఫొటోలో అదే మచ్చ మీద పూలదండ పడి ఉంది, కింద పేరు కూడా రాశారు. మసేను. ముందూ వెనకా ఎవరూ లేనివాడు. దానయ్యతో ఒకే పడవ ఎక్కేవాడు. దానయ్య పోయిన రోజు మాత్రం జ్వరంతో ఒడ్డున ఉండిపోయాడు.

కొర్లమ్మను వదిలేశారు. కుళాయి తెరిచారు. ఇంటికి వెళ్తూ నా మనసు చాలా తేలికగా ఉంది.

నమోదు 67. నారింజ

రెహానా అక్క తన తెరను నా వైపు తిప్పింది. "ఒకసారి చూడు. చూసి అరవకు."

అది అభియోగ పత్రం. మసేను పేరు ఉంది. పేరు ముందు సాక్షి అని లేదు. గేటు తాళం పగలగొట్టి పల్లపుపేటను ముంచిన నిందితుడు అని ఉంది. గేటు దగ్గర ఉన్నట్టు అతని వీడియోనే రుజువు. వీడియోలోని మాటలు 'గాలి హోరులో అస్పష్టం' అట. వానకోట్ల ప్రస్తావన లేదు.

"అక్కా, మాటలు స్పష్టంగా ఉన్నాయి కదా? మనిద్దరం విన్నాం."

"నువ్వు వెతికింది సాక్షిని. వాళ్లకి దొరికింది ముద్దాయి." తెర మళ్లీ తన వైపు తిప్పుకుంది: "ఏడవకు, కెమెరా ఉంది. కంట్లో ఏదో పడ్డట్టు తుడుచుకో."

సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన అదే మెత్తటి గొంతుతో చెప్పారు. "ఎవరు సాక్షి, ఎవరు ముద్దాయి అన్నది కోర్టు తేలుస్తుందమ్మా. మన పని మనిషిని తేవడం. నీకు ముందు చాలా భవిష్యత్తుంది. మీవాళ్లలో నీలాంటి పిల్ల నూటికొకతి."

మసేను దొరకలేదు. అతని కుళాయి మూగబోయింది, గోడ మీద మాట లేదు. ఏ పడవలోనో, ఎవరి తాగునీళ్లో పంచుకుని తాగుతూ ఉండాలి. పేటలో ఎవరిని అడిగినా ఒకటే మాట: "మసేనా? ఆడెవుడు?"

నమోదు 68. ఎరుపు

సార్ పిలిచి తలుపు వేశారు. దానయ్య గోడ ఇప్పుడు విభాగం చేతిలో ఉంది. గోడ తెరవడానికి కొర్లమ్మ దగ్గరున్న తాళపుమాట మార్చేశారు.

"మసేను ఎక్కడున్నా ఈ గోడ చూస్తూనే ఉంటాడు. నిజమేనా?" అడిగారు సార్.

"నిజమే సార్."

"అయితే దానయ్య చేత పిలిపిద్దాం. పాత రేవు దగ్గరికి రమ్మని. ఆ తల్లే పిలుస్తోందనుకుని వస్తాడు. నువ్వే రాయాలి పైడితల్లీ. మీ యాస నీకే తెలుసు."

ఆ రోజు టీ తాగుతూ ఆచారమంతా చెప్పానుగానీ ఒక్క సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, ఆయన అడగలేదు. మాలో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి అది. నిలిపిన గొంతు గాలి గురించి చెప్పచ్చు, వేట గురించి చెప్పచ్చు, మోకాలు నొప్పి గురించి అడగచ్చు. ఎవరినీ పిలవకూడదు. పోయినవాడు పిలిస్తే వెళ్లినవాళ్లు తిరిగి రారు. అందుకే గొంతు మోసేవాళ్లు రా అనే మాట దగ్గరికి కూడా పోరు. ఆ గోడ మీద పిలుపు కనిపించిందంటే, రాసింది మావాళ్లు కాదని మసేనుకు చదివిన క్షణంలో తెలిసిపోతుంది.

"పిలవమంటారా సార్?" మళ్లీ అడిగాను.

"పిలవకపోతే ఎలా వస్తాడమ్మా?"

రాశాను. 'పాత రేవు కాడున్నాను. తెల్లారేసరికి రా.'

సార్ చదివి తలూపారు. "ఎంత సహజంగా ఉందో చూడు."

నేను ఆజ్ఞను అక్షరం తప్పకుండా పాటించాను. ఉద్యోగానికీ ద్రోహం చేయలేదు, మసేనుకూ చేయలేదు. ఇంత తెలివి నాకు ఉందా అనుకున్నాను. ఇవాళ అన్నం తినగలిగాను.

నమోదు 69. ఎరుపు

పాత రేవు సగం నీళ్లలో ఉంది. ఐస్ ఫ్యాక్టరీ గోడల వెనక పోలీసులు, పైన డ్రోన్లు. యాస వినిపిస్తే చెప్పడానికి నన్ను కూడా తీసుకెళ్లారు. ఎవరూ రారని తెలిసిన మనిషిని ఆ గుంపులో నేనొక్కదాన్నే.

వెలుగు వచ్చేసరికి ఎవరో నడిచి వస్తున్నారు.

కొర్లమ్మ. ఉతికిన చీర కట్టుకుంది. తలకు నూనె రాసుకుని దువ్వుకుంది. చేతిలో మూతపెట్టిన గిన్నె. మోకాలి నొప్పితో ఒక్కో రాయీ పట్టుకుంటూ మెట్లు దిగి, నీళ్లు తగిలే మెట్టు మీద కూర్చుంది. గిన్నె పక్కన పెట్టుకుంది.

భానుమూర్తి గారు నన్ను ముందుకు పంపారు. "అడుగు, ఎందుకు వచ్చిందో."

దగ్గరికి వెళ్లాను. గిన్నెలోంచి చేపల పులుసు వాసన. "అత్తా, ఎందుకొచ్చావు? పిలిస్తే ఎల్లకూడదు కదా? నీకు తెలీదా?"

తల తిప్పి నన్ను చూసింది. మా యాస వినగానే నేనెవరో పోల్చుకుంది.

"తెల్సమ్మా. అందరికీ తెల్సు. ఇన్నాళ్లూ ఆడు గాలన్నాడు, వాన అన్నాడు. అదంతా నాను సెప్పించిందే గదా. ఇది నాను సెప్పించింది కాదు. ఆడే పిలిసినాడేమో. ఎల్లకూడదని ఇంటికాడ కూకునే తల్లుంటాదేటి?"

అప్పుడే నీళ్ల వైపు నుంచి తెడ్డు చప్పుడైంది.

చిన్న తెప్ప. దాని మీద మనిషి గట్టిగా అరుస్తున్నాడు. "పెద్దమ్మా! ఎనక్కి పో! ఆడు కాదు! అది ఆడు రాసింది కాదు!"

మసేనుకు అర్థమైంది. నేను అనుకున్నట్టే, చదివిన క్షణంలో తెలిసిపోయింది. దాక్కున్నచోటే ఉండిపోయేవాడు. కానీ కొర్లమ్మ ఒంటరిగా రేవుకు బయలుదేరిందని ఎవరో కబురు చేసి ఉంటారు. పిలుపు విని వెళ్లిన మనిషిని వెనక్కి తేవలసింది పడవ తరపువాడే. ఆ ఆచారం కూడా నాకు తెలుసు. తెలిసి కూడా నాకు తోచలేదు.

అతను మెట్టు ఎక్కి కొర్లమ్మ భుజాలు పట్టుకున్నాడు. అంతలో ఐస్ ఫ్యాక్టరీ వెనక నుంచి అందరూ వచ్చారు. అతను పారిపోలేదు. చేతులు కట్టేస్తుంటే, "పెద్దమ్మని ఇంటికాడ దింపండి సార్. మోకాళ్లు బాగోవు" అన్నాడు.

గిన్నె దొర్లి నీళ్లలో పడింది. ఎవరూ తీయలేదు.

నమోదు 71. ఎరుపు

ప్రకటన వచ్చింది. నిందితుడు మసేను, పై పట్నం జైలుకు తరలిస్తుండగా లాంచీలోంచి దూకి పారిపోబోయి నీట మునిగాడు. గాలిస్తున్నారు. శవం దొరకలేదు. నిందితుడు లేడు కాబట్టి కేసు మూసివేశారు.

ఈ పద్ధతికి విభాగం 'పిలుపు' అని పేరు పెట్టింది. మనిషి చనిపోయినా మాట్లాడుతున్న గోడలన్నిటినీ వేరు చేయడం జల్లెడకు నేర్పాలట. ఆ శిక్షణ పాఠం నేను రాయాలి. సార్ నా పేరు ప్రశంసాపత్రానికి పంపారు. అమ్మకు చెప్పలేదు.

"చేతులు కట్టేసినవాడు లాంచీ కమ్మీ ఎలా ఎక్కాడక్కా?" రెహానా అక్కను అడిగాను.

అక్క కీబోర్డు మీద దుమ్ము ఊదింది.

నమోదు 72. ఎరుపు

ముఖహాజరు వరుసలో నా వెనక కొర్లమ్మ నిలబడింది. ఎంతసేపటి నుంచి ఉందో.

"రాసింది నువ్వేనా?"

"నేనే అత్తా."

కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. పక్కనున్న అమ్మ కూడా విని, నా చెయ్యి వదిలేసింది.

"ఆణ్ని కాపాడదారనే రాసినావు. రేవులో నీ మొగం సూస్తే తెలిసింది." కొర్లమ్మ గొంతు తగ్గించలేదు. వరుసంతా వింటోంది. "మసేనుకీ శవం దొరకలేదు. ఆడికీ గొంతు నిలపాల. ఆడికి ఇల్లు లేదు, ఇంటి తరపున నానున్నాను. పడవ తరపున ఆడికున్నోడు నా కొడుకొక్కడే, ఆడూ లేడు."

నా వైపే చూస్తోంది.

"అత్తా, నేనా?"

"ఆణ్ని నీళ్లలో దింపింది నువ్వే గదా. నువ్వే ఒడ్డుకి మాటాడించాల. సదువుకున్నావు. బాగా రాస్తావంట, మీ పెద్దసారే మెచ్చుకున్నాడంట." ఎత్తిపొడుపో, నమ్మకమో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

ఒకే పడవ ఎక్కేవాళ్లు తాళపుమాటలు ఒకరికొకరు చెప్పుకుంటారు. మసేనుది దానయ్యకు తెలుసు, దానయ్య నుంచి తల్లికి తెలుసు. నా చెవిలో చెప్పింది. తర్వాత యంత్రం ముందుకెళ్లి ముఖం చూపించింది. ఒక్కసారికే కుళాయి తెరుచుకుంది.

ఆఫీసులో రెహానా అక్కకు ఏమీ చెప్పలేదు. ఆధారాల గదిలోంచి నేనేం తెచ్చుకున్నానో తన తెర మీద కనిపించే ఉంటుంది. ఇంటికి వెళ్లేటప్పుడు సంచి భుజాన వేసుకుంటూ, "రేపట్నుంచి నేను సెలవు. మా పిన్ని కూతురికి ఒంట్లో బాలేదు" అంది.

"ఎన్నాళ్లక్కా?"

"ముద్ర తీయడానికి రెండో మనిషి కావాలిగా. వాళ్లు ఇంకొకర్ని వెతుక్కునేదాకా." నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

నమోదు 73. ఎరుపు

మసేను గోడ మీద ఇవాళ మొదటి మాట పడింది. పొట్టిగా, అతను రాసేటట్టే రాశాను. 'గాలి తగ్గింది. పెద్దమ్మ ఇంటికి సేరింది.' ఎవరినీ పిలవలేదు.

దాని కింద వీడియో పెట్టాను. గేటు గది, తాళంచెవి, వానకోట్లు, 'పై నుంచి ఫోనొచ్చింది. తిప్పు.' దాని మీద నా ముద్ర వేశాను: సరిచూసినది, మాటలు స్పష్టం. జల్లెడ వచ్చి, ముద్ర చూసి, పక్కకు వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి పల్లపుపేటలో అందరూ చూశారు. సాయంత్రానికి పై పట్నంలో కూడా చూస్తున్నారు. కింద ఎవరూ ఏమీ రాయడం లేదు. పోయినవాడి గోడ మీద రాయకూడదని మావాళ్లకు తెలుసు. పై పట్నంవాళ్లు ఎందుకు రాయడం లేదో నాకు తెలియదు.

భానుమూర్తి గారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. పొద్దున నా ముఖానికి కుళాయి తెరుచుకోకపోవచ్చు. అమ్మకు రెండు బిందెలు నింపి పెట్టాను. నాతో ఇంకా మాట్లాడటం లేదుగానీ, బిందెలు పట్టేటప్పుడు ఒక చెయ్యి వేసింది.

సార్, రెండో గొంతు ఎవరిదో కనిపెట్టే పద్ధతి మీకు నేనే నేర్పాను. ఈసారి జల్లెడకు ఆ శ్రమ అక్కర్లేదు. ఇంటి తరపున ఎవరో కుళాయి వరుసంతా విన్నదే. పడవ తరపున చోడిపల్లి పైడితల్లి. ఏడాది ఇంకా నిండలేదు.

నెలాఖరు వచ్చింది. సమర్పిస్తున్నాను.